మంచు నెలల్లో పాత ఫియట్

చలికాలానికి కారును సిద్ధం చేసుకోవడం మీద ఐరోపాలో, అమెరికాలో వచ్చిన పుస్తకాలు తిరగేస్తే, రేడియేటర్లో నీళ్లు గడ్డకట్టకుండా ఏం కలపాలి, మంచుగడ్డ మీద జారని టైర్లు ఎప్పుడు బిగించాలి అన్న గొడవే ఎక్కువ. బందరు పక్కన గిలకలదిండిలో ఆ బెడద లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కూడా ఇక్కడ పాదరసం మహా అయితే 18, 20 డిగ్రీల దగ్గరికి దిగి ఆగిపోతుంది. ఇంజనుకు అదొక చలే కాదు. అయినా సముద్రపు గాలి తగిలే ఊళ్లో పాత కారుకు ఏడాది మొత్తంలో గడ్డుకాలం దీపావళి దాటాక మొదలై శివరాత్రి దాకా సాగే ఈ నెలలే. ఆ పాపం రాత్రిపూట దిగే మంచుది. వాన ఉప్పును కడిగేస్తుంది. మంచు అదే ఉప్పును తడిపి, ఉన్నచోటే ఉంచుతుంది. కారును సిద్ధం చేసుకోవడం అంటే ఇక్కడ ఈ తేడాను గుర్తుపెట్టుకుని పని చేసుకోవడమే.

ప్రీమియర్ పద్మినిని తీసుకుందాం. మనవైపు దాన్ని పద్మిని అనేవాళ్లకన్నా ఫియట్ అనేవాళ్లే ఎక్కువ, అందులో తప్పేమీ లేదు. ఇటలీవాళ్ల ఫియట్ 1100నే బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసింది. 1964లో 1100 డిలైట్ అని, 1970ల మధ్య నుంచి పద్మిని అని పేర్లు మారాయి. ఆ కంపెనీ పెట్టిన వాల్‌చంద్ హీరాచందే 1941లో విశాఖపట్నంలో ఓడల కర్మాగారానికి పునాది వేయించాడు. ఓడలవాడి కారే అయినా ఉప్పుగాలికి తట్టుకునే ఏర్పాటు మాత్రం పెద్దగా లేదు, ఆ కాలపు చిన్నకార్లలో ఎందులోనూ లేదు. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు, ముందు తలుపులకు తిప్పితే తెరుచుకునే ముక్కోణపు అద్దాలు. వీటన్నిటికన్నా ఈ అధ్యాయానికి ముఖ్యమైన సంగతి మరొకటుంది. లారీకీ జీపుకీ ఉన్నట్టు దీనికి విడిగా ఛాసిస్ లేదు. నేల రేకు, తలుపుల కింద పెట్టెలా మడిచిన రేకు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. కాబట్టి కింద తుప్పు పట్టిందంటే అందం పోవడంతో తీరదు. జాకీ పెడితే జాకీ రేకులోకి దిగిపోతుంది, పైకెత్తితే తలుపు మూసుకోదు.

ముందు మంచు సంగతి చూద్దాం. అది ఆకాశం నుంచి చినుకులా రాలుతుందని చాలాకాలం అనుకున్నారు. భూమిలోంచి ఆవిరై లేస్తుందని మరికొందరన్నారు. లండన్‌లో విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు ఊలు పింజలను తూచి, కొన్నిటిని ఎత్తైన బల్ల మీద, కొన్నిటిని అదే బల్ల కింద రాత్రంతా ఉంచి, తెల్లారాక మళ్లీ తూచాడు. పైనున్న ఊలు బాగా బరువెక్కింది, కిందిది కొద్దిగానే. 1814లో అచ్చయిన పుస్తకంలో ఆయన తేల్చింది ఇది: మబ్బులేని రాత్రి ఆకాశానికి ఎదురుగా ఉన్న వస్తువు తన వేడిని పైకి వెదజల్లి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. దాన్ని తాకిన గాలిలోని తేమ నీరవుతుంది. కారు పైకప్పు ఈ పనికి భలే అనువైనది. పల్చటి రేకు, నేలతో సంబంధం లేదు, కింద ఖాళీ. గాలి 20 డిగ్రీల దగ్గరున్నా రేకు అంతకన్నా మూడు నాలుగు డిగ్రీలు కిందికి పోతుంది. గిలకలదిండి రేవు దగ్గర రాత్రి గాలిలో తేమ ఎలాగూ నిండుగా ఉంటుంది గనక తెల్లారేసరికి బానెట్ మీంచి నీళ్లు ధారకట్టడంలో వింతేమీ లేదు. వరి కోతకు ముందు చల్లిన మినుము మన డెల్టాలో వాన లేకుండా ఎదగడంలో ఈ మంచుకూ పాత్ర ఉందని రైతులు అంటారు. చేనుకు వరమైన ఆ తడే చేలగట్టు మీద ఆపిన కారుకు శాపం.

వెల్స్ ఊలు పింజల్లోనే కారు ఎక్కడ పెట్టాలో జవాబుంది. గోడలు అక్కర్లేదు, తాళం వేసే షెడ్డూ అక్కర్లేదు. నాలుగు గుంజల మీద తాటాకు పందిరి చాలు. కారుకీ ఆకాశానికీ మధ్య ఏదో ఒకటి అడ్డముంటే రేకు అంతగా చల్లబడదు, మంచు పట్టదు. గాలి ఆడుతుంది కాబట్టి పట్టిన కాస్త తడీ పొద్దెక్కకముందే ఆరిపోతుంది. ప్లాస్టిక్ కవరు కప్పితే కారును కాపాడినట్టేనని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అది కారుకు చేసే అపకారం. కవరు పైన మంచు పడుతుంది నిజమే, కానీ నేలలోంచి లేచే ఆవిరి కవరు లోపలివైపు చెమ్మై పెయింటుకు అంటుకుని మధ్యాహ్నం దాకా ఆరదు. కప్పకపోతే చచ్చిపోతామనుకునేవాళ్లు నూలు దుప్పటి కప్పుకోవచ్చు, కానీ రోజూ పొద్దున్నే తీసి ఆరేయాలి.

ఇక ఉప్పు. అలలు విరిగినప్పుడు నురుగులోని బుడగలు పగిలి చిన్న చిన్న తుంపరలు గాల్లోకి లేస్తాయి. వాటిలో పెద్దవి ఒడ్డుకు దగ్గర్లోనే రాలిపోతాయి, సన్నవి లోపలికి వస్తాయి. అందుకే మంగినపూడి బీచి దగ్గర ఇంట్లో ఉండే కారుకూ, గుడివాడలో ఉండే కారుకూ తుప్పు విషయంలో పోలికే లేదు. వంటుప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తాను నీరై కరుగుతుంది. సముద్రపు ఉప్పులో దానితోపాటు మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం చాలు. అంటే ఒడ్డున ఉన్న కారు రేకు మీద ఉప్పు పొర నడి మధ్యాహ్నం ఎండలో తప్ప ఎప్పుడూ పూర్తిగా పొడిగా ఉండదు. చూపుకు ఆరినట్టుంటుంది, వేలు పెట్టి రుద్దితే జిగురుగా తగులుతుంది.

గిలకలదిండి దారిలో ఉప్పు గాలి నుంచే రానక్కర్లేదు. బోట్లు దిగిన చేప ఐసుతో కలిసి ట్రేలకెక్కి, ఆటోల్లో, వ్యాన్లలో బందరు వైపు సాగుతుంది. ఐసు కరిగిన ఉప్పునీళ్లు దారి పొడుగునా కారుతుంటాయి. వెనక వెళ్లే కారు చక్రాలు ఆ నీళ్లను నేరుగా మడ్‌గార్డు లోపలికి కొడతాయి. చలిదేశాలవాళ్లు ఇదే పని డబ్బిచ్చి చేయించుకుంటారు. రోడ్ల మీద మంచుగడ్డ కరగడానికి ఉప్పు చల్లడం అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం 1938లో ప్రయోగంగా మొదలుపెట్టింది, తర్వాత దేశమంతా పాకింది. కార్ల రాజధాని అనిపించుకున్న డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున పెద్ద ఉప్పు గని ఉంది. ఆ నగరం పైన కార్లు చేస్తుంది, కింద వాటిని తినే సరుకు తవ్వుతుంది. మిచిగన్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన మన పిల్లలకు శీతాకాలంలో కారు అడుగుభాగం కడిగించే అలవాటు అక్కడికి వెళ్లాక వస్తుంది. వాళ్ల అమ్మానాన్నలు బందరులోనే ఉంటూ, అంతకన్నా ఉప్పగా ఉన్న ఊళ్లో, బానెట్ ఒక్కటే తుడుచుకుంటూ కూర్చుంటారు.

తుప్పు ఎక్కడ పడుతుందో తెలియాలంటే ఒక ఉప్పునీటి బొట్టును చూడాలి. కేంబ్రిడ్జిలో యులిక్ ఎవాన్స్ అనే రసాయన శాస్త్రవేత్త 1920ల్లో నున్నటి ఇనుప రేకు మీద ఉప్పునీటి బొట్టు వేసి, అందులో రంగు మారే రెండు రసాయనాలు కలిపి గమనించాడు. కాసేపటికి బొట్టు అంచు గులాబీ రంగుకు తిరిగింది, నడిబొడ్డు నీలమైంది. గులాబీ రంగు ఉన్నచోట గాలిలోని ఆక్సిజన్ నీళ్లలోకి దిగి ఎలక్ట్రాన్లు తీసుకుంటోంది. నీలంగా ఉన్నచోట, అంటే ఆక్సిజన్ అందని నడిమధ్యలో, ఇనుము కరిగిపోతోంది. రెండూ కలిసే చోట ఎర్రటి తుప్పు ఉంగరంలా ఏర్పడింది. మనం తుప్పు కనిపించినచోట రేకు పోతోందనుకుంటాం. నిజానికి పోయేది దాని పక్కన, గాలి తగలని చోట. ఫియట్‌లో అలాంటి చోట్లు చాలా ఉన్నాయి: మడ్‌గార్డు లోపల గూడుకట్టిన మట్టి కింద, కాళ్ల దగ్గర రబ్బరు మ్యాట్ కింద, ముందు అద్దం రబ్బరు అంచు లోపల, రెండు రేకులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసిన మడతల్లో, తలుపు అడుగున. తుప్పు ఇనుముకన్నా రెండు మూడు రెట్లో, ఇంకా ఎక్కువో చోటు తీసుకుంటుంది కాబట్టి పైన పెయింటు అప్పడంలా పొంగుతుంది. ఆ పొక్కు వేలితో నొక్కితే చిల్లు పడిందంటే, లోపల పని ఎప్పుడో అయిపోయిందన్నమాట.

ఇంకో విచిత్రం ఉంది. సముద్రతీరంలో వాన తగిలే రేకుకన్నా వాన తగలని రేకు త్వరగా పోతుంది. పైకప్పు మీద జులై, ఆగస్టుల్లో కురిసిన జోరువాన ఉప్పును కడుక్కుపోతుంది. మడ్‌గార్డు లోపలికి ఆ భాగ్యం లేదు, ఉప్పు చేరుతుంది, తడి చేరుతుంది, కడిగే దిక్కు ఉండదు. వానలు ఆగిపోయిన చలికాలంలో కారు మొత్తం మడ్‌గార్డు లోపలి గతే పడుతుంది. వాన చేసే పని ఇక మనిషి చేయాలి.

చేయాల్సింది కారు అడుగుభాగం కడగడం. కడగాల్సింది మంచినీళ్లతో. ఈ మాట వేరే ఊళ్లో చెప్పక్కర్లేదు గానీ, తీరప్రాంతంలో బోరు వేస్తే వచ్చేవి చాలాచోట్ల ఉప్పునీళ్లే. బోరు పైపు పెట్టి గంటసేపు కడిగి తృప్తిపడితే ఉప్పు వదిలించినట్టు కాదు, పూసినట్టు. కాలవ నీళ్లో, కుళాయి నీళ్లో పట్టి ఉంచుకుని, మడ్‌గార్డు లోపల, జాకీ పెట్టే చోట, వెనక ఇరుసు పైన, స్ప్రింగుల దగ్గర మట్టి రాలేదాకా కొట్టాలి. పొద్దున పూట కడిగితే సాయంత్రానికి ఆరుతుంది, సాయంత్రం కడిగితే తడి మీద మంచు కూడా చేరుతుంది. తర్వాత తలుపులు తెరిచి అడుగు అంచును చూడండి, రెండు మూడు చిన్న బెజ్జాలు కనిపిస్తాయి. అద్దం పక్కనుంచి తలుపులోకి దిగిన నీళ్లు పోవడానికి తయారీలోనే పెట్టిన దారులవి. పాత కార్లలో అవి దుమ్ముతోనో, టింకరింగ్ షెడ్డులో పూసిన పుట్టీతోనో మూసుకుపోయి ఉంటాయి. చీపురుపుల్ల దూర్చి తిప్పితే ఒక్కోసారి నల్లటి నీళ్లు పావు చెంబు దాకా బయటికొస్తాయి. ఈ ఒక్క చీపురుపుల్ల పని చేసే మేలు వేల రూపాయల కోటింగు చేయదని నా నమ్మకం.

కోటింగ్ వద్దని కాదు. ఎప్పుడు, దేని మీద అన్నదే ప్రశ్న. తడి రేకు మీద, ఉప్పు మీద నల్లటి తారు కోటింగ్ కొడితే శత్రువును లోపల పెట్టి తలుపేసినట్టే. కోస్తాలో నవంబరు తుఫానుల నెల. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెన తర్వాత దివిసీమలో ఆ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ వాయుగుండాలు సద్దుమణిగి, రెండు మూడు రోజులు ఎండ కాశాక, కడిగి ఆరబెట్టి, తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి, ఆ పైన మైనం రకం కోటింగ్ వేయించడం మేలు. తారు రకం ఎండకు బిరుసెక్కి పగులుతుంది, పగులులోంచి నీళ్లు వెనక్కి పాకుతాయి. మైనం మెత్తగా ఉండి పాకుతూ గీతలను తనే పూడ్చుకుంటుంది. కొందరు వాడేసిన ఇంజనాయిలు చల్లిస్తారు. ఇనుముకు అది కొంత పనిచేస్తుంది, పక్కనున్న రబ్బరు బుష్‌లను మాత్రం ఉబ్బించి పాడుచేస్తుంది, కాలవలో పడితే చేపలకు విషం.

తుప్పును కరెంటుతో ఆపుతామని అమ్మే చిన్న పెట్టెలు కూడా బజారులో ఉన్నాయి. వాటి మూలం గొప్పదే. హంఫ్రీ డేవీ 1824లో ఇంగ్లండు యుద్ధనౌకల రాగి తొడుగుకు జింకు, ఇనుప ముక్కలు కలిపి, రాగి బదులు అవి కరిగేట్టు చేశాడు. రాగి కరగడం ఆగింది. అయితే కరిగే రాగి విషానికి చచ్చే గుల్లలు, నాచు ఇప్పుడు హాయిగా పెరిగి ఓడల వేగం తగ్గించాయి. ఇనుప ఓడల అడుగున జింకు దిమ్మలు ఈనాటికీ బిగిస్తారు. ఆ కిటుకు పనిచేయాలంటే జింకూ ఇనుమూ ఒకే నీళ్లలో మునిగి ఉండాలి. కారు మీద అక్కడొక బొట్టు, ఇక్కడొక బొట్టు. ఈ బొట్టులోని జింకు ఆ బొట్టులోని ఇనుమును కాపాడలేదు. పెట్టె కొనే డబ్బుతో మైనం కొనుక్కోవడం నయం. బంపరు సంగతి దీనికి సరిగ్గా తిరగబడిన కథ. దాని మీది నికెల్, క్రోమియం పూత ఇనుముకన్నా మొండి లోహం. పూతలో సూదిమొనంత రంధ్రం పడితే నష్టమంతా ఆ ఒక్క చుక్కలోని ఇనుము మీదే పడుతుంది. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసేవాళ్లకు పూత ఎంత మందం ఉంటే ఎన్నాళ్లు నిలుస్తుందో చేతి లెక్కగా తెలుసు. పాత బంపరు కొనేవాళ్లు ఒకసారి వాళ్లకు చూపించి కొనడం మంచిది.

కారు బయటి నీళ్లతోనే కథ అయిపోదు. లోపల కారు తన నీళ్లు తనే తయారుచేసుకుంటుంది. పెట్రోలులో హైడ్రోజన్ ఉంది. అది మండితే నీరే. ఒక లీటరు పెట్రోలు కాలితే దరిదాపు ఒక లీటరు నీళ్లు వస్తాయి. ఇంజను వేడెక్కి సైలెన్సరు కాగితే అది ఆవిరిగా బయటికి పోతుంది. గిలకలదిండి నుంచి కోనేరు సెంటరు దాకా వెళ్లి వచ్చే చిన్న ప్రయాణాలకు సైలెన్సరు వేడెక్కే సమయమే ఉండదు. నీళ్లు పొగలోని ఆమ్లాలతో కలిసి దాని అడుగున నిలిచి లోపలినుంచి తింటాయి. ఇంజనులోనూ కొంత ఆవిరి పిస్టన్ పక్కల నుంచి ఆయిల్లోకి జారుతుంది. ఆయిలు మూత విప్పితే లోపల పాలమీగడ రంగు జిడ్డు కనిపిస్తే ఇదే కారణం కావచ్చు. ఇంజను గ్యాస్కెట్ పోయినా ఇలాగే ఉంటుంది గనక రేడియేటర్ నీళ్లు తగ్గుతున్నాయో లేదో కూడా చూసుకోవాలి. వారానికి ఒక్కసారైనా గుడివాడ దాకా ఆపకుండా వెళ్లి రావడం దీనికి మందు. వేసవిలో వేడెక్కుతోందని మెకానిక్ థర్మోస్టాట్ పీకేసి ఉంటే మాత్రం అదీ చాలదు, ఇంజను ఎప్పటికీ పూర్తి వేడికి రాదు. దాన్ని తిరిగి పెట్టించండి.

రేడియేటర్లో గ్లైకాల్ కూలెంట్ పోయడం మంచు గడ్డకట్టే దేశాల పద్ధతి, మనకెందుకనేవాళ్లున్నారు. గడ్డకట్టడం సంగతి మనకు అక్కర్లేనిదే. దానితో కలిపి వచ్చే తుప్పు నిరోధక రసాయనాలే మనకు కావాల్సినవి. ఫియట్ ఇంజను దిమ్మ పోత ఇనుము, పైనున్న హెడ్డు అల్యూమినియం. ఆ రెంటి మధ్య బోరునీళ్లు పోస్తే, క్లోరైడ్‌కు అల్యూమినియం నీటిదారులు గుంటలు పడిపోతాయి. డిస్టిల్డ్ వాటరులో కలిపిన కూలెంట్ పోయండి.

పొద్దున్నే కారు స్టార్టు కాకపోతే మనవాళ్లు చలిని తిడతారు. 20 డిగ్రీల్లో పెట్రోలు బాగానే ఆవిరవుతుంది. చోక్ లాగి సెల్ఫ్ కొట్టి, ఇంజను అందుకోగానే చోక్ లోపలికి నెట్టేయాలి. అలాగే వదిలేస్తే ఎక్కువైన పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేస్తుంది. స్టార్టు కాకపోవడానికి ఎక్కువసార్లు కారణం డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద తేమ. కాయిల్ నుంచి వచ్చే కరెంటు వేల వోల్టులు. ప్లగ్గు దగ్గర గాలి ఖాళీని దూకడం కన్నా క్యాప్ మీది ఉప్పు తడిలోంచి జారిపోవడం దానికి సుళువు. దీన్ని కళ్లారా చూడొచ్చు. రాత్రి మంచు దిగాక, దీపాలు ఆర్పేసి, ఇంజను నడుస్తుండగా బానెట్ ఎత్తి దూరంగా నిలబడండి. ప్లగ్గు వైర్ల వెంబడి, క్యాప్ అంచున నీలం మెరుపులు పాకుతుంటే ఆ వైర్లు మార్చే వేళయింది. చెయ్యి మాత్రం పెట్టకండి. క్యాప్ లోపల జుట్టు వెంట్రుకంత నల్లగీత కనిపిస్తే తుడిచి లాభం లేదు, ఆ గీత బొగ్గు, కరెంటుకు పర్మనెంటు దారి.

తొలినాటి ఫియట్లలో కరెంటు పుట్టించేది డైనమో. నెమ్మదిగా తిరిగేటప్పుడు అది ఇచ్చేది నామమాత్రం. మంచు పట్టిన పొద్దున గుడివాడ రోడ్డు మీద రెండో గేరులో పోతుంటే హెడ్‌లైట్లు ఒక్కటే 12 వోల్టుల మీద ఏడు ఆంపియర్లు లాగుతాయి. వైపరు, ఇగ్నిషన్ కలిస్తే పది దాటుతుంది. అదంతా బ్యాటరీ నుంచే పోతుంది. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు మినుకుమంటున్నా పట్టించుకోకుండా వెళ్లినవాళ్లు టీ కోసం ఆగినచోట కారు తోయించుకుంటారు. ఆల్టర్నేటర్ వేయించుకుంటే ఈ బాధ తీరుతుంది. అసలు సామానే ఉండాలనే పట్టుదల ఉన్నవాళ్లు, ముందురోజు రాత్రే బ్యాటరీని చార్జింగు పెట్టుకుని బయల్దేరాలి. టెర్మినళ్ల మీద పట్టిన చిలుమును వంటసోడా కలిపిన వేణ్నీళ్లతో కడిగి, ఆరాక వాసెలిన్ పూయాలి.

పొగమంచులో హై బీమ్ వేసేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. మంచు బిందువులు పది ఇరవై మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి, వెలుగు తరంగం మైక్రాన్‌కన్నా తక్కువ. అంత పెద్ద బిందువులు ఏ రంగు వెలుగునైనా ఒకేలా చెదరగొడతాయి, అందుకే మంచు తెల్లగా ఉంటుంది. పసుపు లైటు మంచును చీల్చుకుపోతుందన్న మాటకు ఆధారం లేదు. ఫ్రాన్స్‌లో దశాబ్దాలపాటు కార్లన్నిటికీ పసుపు లైట్లు తప్పనిసరి చేసి, చివరికి 1993లో ఆ నియమం ఎత్తేశారు. పనిచేసేది రంగు కాదు, ఎత్తు. దీపం కింద ఉండి, వెలుగు నేలబారుగా పోతే, చెదిరి వెనక్కొచ్చే కాంతి కంటికి ఎదురుగా రాదు. డిమ్ముకు మార్చి, ముక్కోణపు అద్దం కాస్త తెరిచి కూర్చోండి. ఊపిరి తేమ లోపలి అద్దం మీద పట్టకుండా ఆ సందులోంచి గాలి తిరుగుతుంది. టైర్లలో గాలి మే నెలలో 24 పట్టించి వదిలేస్తే ధనుర్మాసపు వేకువకు వేడి తేడా వల్లే రెండున్నర దాకా తగ్గి ఉంటుంది, ఒకసారి చూపించుకోండి.

ఈ నెలల్లోనే కోతలూ నూర్పిళ్లూ. అవనిగడ్డ, కోడూరు వైపు చాలాచోట్ల ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు, గడ్డి కూడా అక్కడే. ట్రాక్టరు చక్రాలకు అంటుకొచ్చిన నల్లరేగడి మీద మంచు పడితే రోడ్డు సబ్బు రాసినట్టు జారుతుంది, బ్రేకు మెల్లగా వేయాలి. గడ్డి మీదుగా పోయిన కారు కింద పోచలు సైలెన్సరు చుట్టూ, ఇరుసు చుట్టూ చుట్టుకుంటాయి. చేలు ఖాళీ అవడంతో ఎలుకలు ఊళ్లోకి వచ్చి ఆ గడ్డితోనే బానెట్ కింద గూడు పెడతాయి, వైర్లు కొరుకుతాయి. ఇంటికి రాగానే, సైలెన్సరు ఇంకా వేడిగా ఉండగానే వంగి చూసి, కర్రతో ఆ పోచలు లాగేశాకే కారును పందిరి కిందికి తోయండి.